నరము: ఒక మాట, మూడు అవయవాలు

మానవపాడు ప్రాంతపు పల్లెలలో కొడవలి తగిలి చేయి తెగితే "నరం తెగింది" అంటారు. సూదిమందు ఇచ్చేవారు "నరం దొరకలేదు" అంటారు. నడుము నుండి కాలిలోనికి నొప్పి పాకితే "నరం గుంజుతున్నది" అంటారు. మాట ఒకటే, అవయవము మాత్రము ఒకటి కాదు. సూదిమందు ఎక్కించేది సిరలోనికి. అది రక్తమును గుండెకు చేర్చే నాళము. కాలిలో గుంజేది నాడి. అది మెదడుకు, అవయవాలకు నడుమ వార్తలు మోసే తీగ. కొడవలికి తెగినది ఈ రెంటిలో ఏదైనా కావచ్చును. కండరమును ఎముకకు కట్టే స్నాయువు కూడ కావచ్చును.

ఈ కలగాపులగము మన పల్లెలకే పరిమితము కాదు. తమిళ నరంబు, కన్నడ నర మన నరానికి తోబుట్టువులు. తమిళములో వాద్యపు తంత్రికి కూడ నరంబు అనే పేరు. శరీరములో త్రాడువలె కనబడినదల్లా పూర్వులకు నరమే. గ్రీకుల న్యూరాన్ కూడ మొదట స్నాయువే, వింటినారియే. క్రీ.పూ. 3వ శతాబ్దములో అలెగ్జాండ్రియాలో హీరోఫిలస్ శవాలను కోసి, మెదడు నుండి, వెన్నుపాము నుండి బయలుదేరే త్రాళ్ళు వేరని గుర్తించాడు. క్రమముగా ఆ పేరు వాటికే మిగిలింది.

మన సుశ్రుతసంహిత సిరలు 700, ధమనులు 24, స్నాయువులు 900 అని వేరువేరుగా లెక్కించింది. పలకలను త్రాళ్ళు పడవగా బిగించినట్లు, స్నాయువులు దేహమును బిగిస్తవని పోల్చింది. నాడి అనగా అసలు బోలుగా ఉండే గొట్టము. శార్ఙ్గధరసంహిత కాలానికి వైద్యుడు మణికట్టు పట్టి చూచేది నాడి అయినది. అక్కడ వ్రేళ్ళకు తగిలేది ధమని కొట్టుకొనుటయే. ఆధునిక పాఠ్యపుస్తకాలు అదే మాటను వార్తలు మోసే తీగకు ఇచ్చినవి. అందుచేత వైద్యుని నాడిలో రక్తము పారుతుంది; పాఠములోని నాడిలో వార్త పారుతుంది! తరగతిలో ఈ తేడా చెప్పకపోతే విద్యార్థి తికమకపడటం సహజమే గదా.

తేడా పరీక్షకే గాదు, చేతికీ అవసరము. గాయము నుండి రక్తము ఉబికితే తెగినది రక్తనాళము. వ్రేలు వంగకపోతే స్నాయువు తెగి ఉండవచ్చు. స్పర్శ తెలియకపోతే నాడిని అనుమానించాలి. రక్తము ఆగినది గదా అని ఇంట కూర్చుండరాదు. తెగిన నాడి, కుట్టిన తరువాత కూడ, రోజుకు సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే పెరుగుతుంది. కనుక "నరం తెగింది" అన్నవానిని వెంటనే అడగవలసిన ప్రశ్నలు రెండు: వ్రేలు వంగుతున్నదా? ముట్టుకొంటే తెలుస్తున్నదా? ఆ జవాబులతో సహా అతనిని ఆసుపత్రికి చేర్చాలి.