దుంగల ఊళ్లో పొయ్యి ఆరకూడదని

అమెరికాలో న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రపు ఉత్తర భాగాన, కొండల నడుమ బెర్లిన్ అనే ఊరుంది. ఆ ఊరి దగ్గర ఆండ్రోస్కాగిన్ నది మధ్యలో చిన్న చిన్న దిబ్బలు వరుసగా కనిపిస్తాయి. వాటి మీద ఇప్పుడు చెట్లు కూడా మొలిచాయి. నిజానికి అవి మనుషులు కట్టిన దిమ్మెలు. ఎగువ అడవుల్లో కొట్టిన దుంగలు నీటివాలున కొట్టుకొస్తుంటే, ఏ కంపెనీ దుంగలను ఆ కంపెనీ వైపు మళ్లించడానికి వేసినవి. 1960ల్లో నదిలో దుంగలు వదలడం ఆగిపోయింది. దిమ్మెలు మాత్రం మిగిలాయి.

1850ల్లో రంపపు మిల్లులతో ఊపందుకున్న ఈ ఊరు కాగితం గుజ్జుతో పెరిగింది. కెనడా నుంచి ఫ్రెంచి మాట్లాడే కూలీలు కుటుంబాలతో సహా వచ్చి స్థిరపడ్డారు. 1930 నాటికి జనాభా 20 వేలకు చేరింది. ఆ తర్వాత మిల్లులు ఒక్కొక్కటిగా తగ్గుతూ వచ్చాయి. 2006లో గుజ్జు మిల్లు మూతపడింది, మరుసటి ఏడాది దాని పొగగొట్టాలను పేల్చి కూల్చేశారు. 2020 జనగణనలో ఊరి జనాభా 9,500 కూడా లేదు.

ఆ దెబ్బ ఊరితో ఆగలేదు. నిటారుగా పెరిగిన మంచి మాను కోత మిల్లుకు పోతుంది. మరి కొమ్మలు, చిటారులు, వంకర చెట్లు, పుచ్చు మొదళ్ల సంగతి? ఇదివరకు వాటిలో చాలా భాగం గుజ్జుకు పోయేది. కొనేవాడు లేకపోతే వాటిని ఏరి అడవిని పలచన చేయడం యజమానికి గిట్టదు, కలప కొట్టేవాడికి పని దొరకదు.

కూల్చివేతలో మిగిలిన పాత మిల్లు బాయిలరే ఈ చిక్కుకు దారి చూపింది. దాన్ని మార్చి, ఇసుక పరుపు మీద చెక్క ముక్కలు మండేలా చేసి, 75 మెగావాట్ల బర్జెస్ బయోపవర్ ప్లాంటు కట్టారు. అడవిలోనే యంత్రం నమిలిన ముక్కలు లారీల్లో వస్తాయి. లారీని వేదిక మీద నిలిపి ముందు భాగాన్ని ఆకాశానికి ఎత్తితే, సరుకంతా ఒక్కసారిగా వెనక నుంచి జారిపోతుంది.

కరెంటు కొనడానికి అక్కడి విద్యుత్ సంస్థతో 20 ఏళ్ల ఒప్పందం కుదిరింది. 2011లో నియంత్రణ కమిషన్ దానికి ఒప్పుకుంటూనే వినియోగదారులకు ఒక రక్షణ పెట్టింది. ఒప్పందం ధర మార్కెట్ ధరను మించితే ఆ తేడా లెక్కలో చేరుతుంది. ఆ లెక్క 10 కోట్ల డాలర్లు దాటితే, పైసొమ్మును ప్లాంటుకిచ్చే చెల్లింపుల్లో కోసుకోవాలి. ఆ పరిమితి అంత తొందరగా నిండుతుందనుకోలేదు. కానీ షేల్ గ్యాస్ వెల్లువతో న్యూ ఇంగ్లండ్‌లో కరెంటు ధర పడిపోయింది, తేడా ఏటేటా పేరుకుపోయింది.

అప్పుడు శాసనసభ రంగంలోకి దిగింది. 2018లో సెనేట్ బిల్లు 577 ఆ పరిమితిని మూడేళ్లు పక్కన పెట్టింది. గవర్నర్ క్రిస్ సునూను సంతకం చేశారు. అదే ఏడాది ఆరు చిన్న కట్టె ప్లాంట్లను ఆదుకునే సెనేట్ బిల్లు 365ను మాత్రం, వినియోగదారుల మీద భారమంటూ వీటో చేశారు. సెప్టెంబరు 13న రెండు సభలూ ఆ వీటోను కొట్టేశాయి. ప్రతినిధుల సభలో 226 మంది చట్టం వైపు, 113 మంది వీటో వైపు నిలిచారు. కావలసిన మూడింట రెండొంతులకు సరిగ్గా సరిపోయింది, ఒక్క ఓటు తగ్గినా బిల్లు పోయేదే. అయినా ఆ గెలుపు నిలవలేదు. కరెంటు టోకు ధరలు కేంద్రం పరిధిలోవంటూ వినియోగదారుల సంఘం ఒకటి కేంద్ర ఇంధన కమిషన్‌కు వెళ్లి, 2019లో నెగ్గింది.

బర్జెస్‌కు దొరికిన గడువూ కరిగిపోయింది. 2022లో మరికొంత ఊరట దక్కింది. 2023లో వచ్చిన హౌస్ బిల్లు 142ను సునూను వీటో చేశారు, ఈసారి వీటోయే నిలిచింది. 2024 ఫిబ్రవరిలో కంపెనీ దివాలా రక్షణ కోరింది. తర్వాత యాజమాన్యం అప్పులిచ్చినవాళ్ల చేతికి పోయింది.

దూరాన ఏదో పట్నంలో బిల్లు కట్టేవాడి ఫిర్యాదును తేలిగ్గా తీసేయలేం. ఖరీదైన కరెంటుకు అతనెందుకు డబ్బివ్వాలి? కానీ ఆ డబ్బు కొన్నది కరెంటు ఒక్కటే కాదు. అడవి పలచన కావడం, లారీలు నడవడం, ఊరికి పన్ను రావడం, అన్నీ అందులోనే ఉన్నాయి. ఇన్ని బరువులనూ చట్టం ఒక్క కరెంటు బిల్లు మీదే మోపింది. అడవి బాగోగులకు రాష్ట్ర ఖజానా వేరుగా పద్దు పెట్టి ఉంటే, వాదన యూనిట్ ధర దగ్గరే ఆగిపోయేది కాదు.

ఇంతలో బెర్లిన్ మరో పని మొదలుపెట్టింది. ప్లాంటులో వృథాగా పోయే వేడితో ఊరి నడివీధుల కింద గొట్టాల్లో వేడినీళ్లు పారించి మంచు కరిగించాలని, కేంద్ర నిధులు తెచ్చుకుని ఆ గొట్టాలు వేయడానికి పూనుకుంది.