ఫాలౌట్: 2008లో మన దేశానికి రాని ఆట.. ఇప్పుడు ఆడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

సూరత్‌లో తాపీ నదికి ఉత్తరాన ఉండే అమ్రోలి మరమగ్గాలకు పేరున్న ప్రాంతం. అక్కడ నైట్ షిఫ్టు దిగి వచ్చిన ఓ తెలుగు కుర్రాడు ప్రైమ్ వీడియోలో 'ఫాలౌట్' సిరీస్ చూశాడనుకుందాం. 2024 ఏప్రిల్‌లో మొదటి సీజన్, 2025 డిసెంబరులో రెండో సీజన్ వచ్చాయి. చూశాక ఆట కూడా ఆడాలనిపిస్తే, పేర్ల దగ్గరే తికమక మొదలవుతుంది. 1, 2, 3, 4.. మధ్యలో 'న్యూ వేగస్', ఆ తర్వాత ఏకంగా 76. వరుసగా ఆడాల్సిన పనేమీ లేదు. ఒక్కో ఆటలో ప్రధాన పాత్ర వేరు, ప్రాంతం వేరు. లోకం మాత్రం ఒక్కటే.

ఆ లోకం 2077 అక్టోబరు 23న కాలిపోయింది. చమురు, ఇతర వనరుల కోసం మొదలైన గొడవలు అమెరికా, చైనాల మధ్య అణుయుద్ధం దాకా వెళ్లి, రెండు గంటల్లో అంతా బూడిదైంది. కొందరు 'వాల్ట్'లు అనే భూగర్భ ఆశ్రయాల్లో బతికారు. వాటిని కట్టిన వాల్ట్-టెక్ కంపెనీ ఉద్దేశం వేరు: చాలా వాల్ట్‌లలో జనం మీద వాళ్లకు తెలియకుండానే ప్రయోగాలు జరిగాయి. తరాలు గడిచాక బయటి బీడులో సోడా సీసాల మూతలే డబ్బు. రేడియోలో మాత్రం పాతకాలపు పాటలే వస్తుంటాయి. 1950లలో అమెరికన్లు ఊహించుకున్న భవిష్యత్తు అచ్చంగా నిజమై, ఆపై కూలిపోతే ఎలా ఉంటుందో అలా ఉంటుందీ లోకం.

మొదటి ఆటను ఇంటర్‌ప్లే సంస్థ 1997లో కంప్యూటర్ కోసం తెచ్చింది. పైనుంచి చూస్తూ, వంతులవారీగా పోరాడే ఆట అది. 2007లో హక్కులు కొన్న బెథెస్డా, మరుసటి ఏడాది 'ఫాలౌట్ 3'తో దాన్ని పాత్ర కళ్లతో చూస్తూ నచ్చిన దిక్కుకు నడిచే ఆటగా మార్చేసింది. మారనిది ఒకటుంది. బలం, తెలివి, మాటకారితనం, అదృష్టం వంటి ఏడు గుణాలకు ఆటగాడే పాయింట్లు పంచుకోవాలి. పాత ఆటల్లో తెలివికి మరీ తక్కువ పాయింట్లు ఇస్తే, ఆ పాత్రకు సరిగ్గా మాట్లాడటం కూడా రాదు.

'ఫాలౌట్ 3'లో మెగాటన్ అనే ఊరు పేలని అణుబాంబు చుట్టూ వెలిసింది. దాన్ని నిర్వీర్యం చేయొచ్చు, డబ్బు తీసుకుని ఊరినే పేల్చేయొచ్చు. పేల్చితే ఆ ఊరు, అక్కడి మనుషులు ఇక లేరంతే.

భారత్‌లో ఎందుకు ఆగింది?

2008 అక్టోబరులో, విడుదల ముంగిట, ఎక్స్‌బాక్స్ 360 వెర్షన్‌ను భారత్‌కు తేవడం లేదని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. 'సాంస్కృతిక సున్నితత్వం' అన్న మాట తప్ప వివరం ఇవ్వలేదు. ఆటలో రేడియేషన్ వల్ల రెండు తలలతో పుట్టే పశువులున్నాయి. వాటి పేరు 'బ్రాహ్మిన్'. వాటిని బరువులు మోయడానికి వాడతారు, చంపి తింటారు కూడా. కారణం ఇదే అయి ఉంటుందని చాలామంది అనుకున్నారు, కంపెనీ మాత్రం ధ్రువీకరించలేదు. ఇది ప్రభుత్వ నిషేధం కాదు, కంపెనీ తనంతట తాను తీసుకున్న వ్యాపార నిర్ణయం.

అదే ఆటకు ఆస్ట్రేలియా మొదట వర్గీకరణ నిరాకరిస్తే, అందులోని మార్ఫిన్ పేరును 'మెడ్-ఎక్స్'గా మార్చారు. జపాన్ వెర్షన్‌లో మెగాటన్‌ను పేల్చే అవకాశాన్నే తీసేశారు. అక్కడివాళ్లకు ఏం మార్చారో తెలిసింది. మనవాళ్లకు అభ్యంతరం ఏమిటో కూడా చెప్పలేదు. 2021లో బెథెస్డా మాతృసంస్థను మైక్రోసాఫ్టే 750 కోట్ల డాలర్లకు కొంది. అప్పుడు తేనన్న కంపెనీయే ఇప్పుడు ఆ సిరీస్‌కు యజమాని. బ్రాహ్మిన్ పశువులు తర్వాతి ఆటల్లోనూ అదే పేరుతో తిరుగుతున్నాయి.

మరి ఏది ముందు?

కథ, సంభాషణలు ముఖ్యమనుకుంటే 2010 నాటి 'న్యూ వేగస్'. దీన్ని తయారు చేసింది అబ్సిడియన్ సంస్థ. సిరీస్‌లో రాత పరంగా దీనిదే పైచేయి. ఎవరి పక్షం వహించాలన్నది చివరిదాకా తేలిగ్గా తేలదు. 2 జీబీ ర్యామ్, 10 జీబీ ఖాళీ ఉన్న పాత కంప్యూటర్ చాలు. వెబ్ సిరీస్ రెండో సీజన్ నడిచేదీ ఈ ఊరి చుట్టూనే. చిక్కల్లా భాషతో. తెలుగు లేదు, ఇంగ్లిష్ డైలాగులు బోలెడు చదవాలి.

చదవడం కన్నా తిరగడం ఇష్టమైతే 2015 నాటి 'ఫాలౌట్ 4' నయం. బోస్టన్ శిథిలాలు, తుపాకుల పోరు, సొంత ఊళ్లు కట్టుకోవడం ఉంటాయి. దీనికి 8 జీబీ ర్యామ్‌తో పాటు గ్రాఫిక్స్ కార్డు కావాలి. '76' ఆన్‌లైన్ ఆట, నెట్ లేకపోతే నడవదు. ఫోన్‌లో ఉచితంగా దొరికే 'ఫాలౌట్ షెల్టర్' సరదాగానే ఉంటుంది కానీ, అది వాల్ట్ నిర్వహణ ఆట. దాన్ని చూసి సిరీస్ ఇంతేననుకుంటే పొరపాటు.

'న్యూ వేగస్' మధ్యలో ఆగిపోవడం మామూలే. పది నిమిషాలకోసారి సేవ్ చేసుకోవాలి, అదీ ఒకే ఫైల్ మీద కాకుండా వేర్వేరుగా.