టిల్లు వేణు వెంట ‘బలగం’ దాకా

బుల్లితెర నటుణ్ణి అభిమానించడంలో ఒక చిక్కున్నది. సినిమా నటుడు మన దగ్గరికి ఏడాదికి రెండు మూడు మార్లు, అదీ మనం టిక్కెట్టు కొన్న తరువాతనే వస్తాడు. బుల్లితెర వాడు పిలవకుండానే వారం వారం ఇంట్లోకి వచ్చి, అన్నం తింటున్న మన ఎదుట కూర్చుంటాడు. అంత చనువు ఏర్పడిన మనిషికి మరొక ముఖం ఉండవచ్చుననే ఊహ మనకు రాదు. ఏ వేషంలో పరిచయమయ్యాడో ఆ వేషమే ఇంటిపేరై కూర్చుంటుంది.

యెల్దండి వేణు విషయంలో ఇది అక్షరాలా జరిగింది. 2007లో వచ్చిన ‘మున్నా’ చిత్రంలో ఆయన వేసిన హాస్యపాత్ర పేరు టిల్లు. ఆనాటి నుంచి ఆయన టిల్లు వేణు. 2013 ఫిబ్రవరిలో ఈటీవీలో ‘జబర్దస్త్’ మొదలై, అందులో ‘వేణు వండర్స్’ అనే జట్టుకు నాయకుడైన పిదప జబర్దస్త్ వేణు. యెల్దండి అనే అసలు ఇంటిపేరు జనం నోట పలకడానికి 2023 మార్చి 3 దాకా, అనగా ‘బలగం’ విడుదలయ్యే దాకా ఆగవలసి వచ్చింది.

వేణు సిరిసిల్ల వారు. మా వేములవాడకు సిరిసిల్ల పట్టుమని పదిహేను కిలోమీటర్లుండదు. అందుచేత ఆయన తెర మీద కనిపిస్తే ‘మనవాడు’ అనుకోవడం ఇక్కడి వారికి అలవాటే. అయితే ఆ అనుకోవడంలో గర్వమెంతో, మొహమాటమూ అంతే ఉండేది. గురువారం రాత్రి నాగబాబు, రోజా న్యాయనిర్ణేతల పీఠాల మీద విరగబడి నవ్వుతూ ఉండగా, ఆడవేషం కట్టిన మగవాళ్ళ మీద, భార్యాభర్తల తగవుల మీద, ఒడ్డూ పొడవుల మీద పేలిన హాస్యం చాలావరకు మోటు హాస్యమే. దాన్ని ఇప్పుడు కొత్తగా వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. 2014లో ఒక స్కిట్టులో కల్లుగీత వృత్తి వారి గురించి పలికిన మాటలపై నిరసన రేగి, వేణు మీద దాడి కూడా జరిగింది. దాడి తప్పు. కాని నవ్వు ఎవరి ఖర్చు మీద పుడుతున్నదనే ప్రశ్న ఆ నిరసనలో ఉన్నది.

ఐతే ఆ మోటుతనం చాటున జరిగిన ఒక పనిని మనలో చాలామందిమి గమనించలేదు. జట్టు నాయకుడంటే కేవలం ముందు నిలబడి నటించేవాడు కాదు. వారానికొక కథ కావాలి. ఉన్న నలుగురైదుగురిలో ఎవరికి ఏ పాత్ర అతుకుతుందో తెలియాలి. కొద్ది నిమిషాలలో ఒక కుటుంబాన్ని నిలబెట్టి, తగవు పెట్టి, తీర్చి, నవ్వించి దిగిపోవాలి. పూర్వం సురభి వారి పిల్లలు రంగస్థలం మీదనే నడక నేర్చారని చెప్పుకుంటాము. ఈ తరం హాస్యనటులకు ఆ పాఠశాల ఈ బుల్లితెర వేదిక అయినది. వేణుతో పాటు తొలినాళ్ళలో అక్కడ జట్టు నడిపిన ధనరాజ్ కూడా 2025లో ‘రామం రాఘవం’ చిత్రానికి దర్శకుడయ్యారు. ఇది కాకతాళీయమని నేను అనుకోను.

ఇక్కడ కొంచెం వెనక్కు వెళ్ళాలి. తెర మీద తెలంగాణ వాడి స్థానం ఏమిటన్న సంగతి తెలియనిదే వేణు చేసిన పని బరువు తెలియదు. కరీంనగర్‌లో 1909లో పుట్టిన పైడి జయరాజ్ మూకీల కాలంలోనే, 1929 ప్రాంతాన, బొంబాయి చేరి హిందీ తెరకు కథానాయకుడయ్యారు. 1980 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఆయనదే. అంతటి నటుని కంఠం మన పల్లెల మాట పలకలేదు. వేములవాడ పక్కనున్న హనుమాజీపేటలో పుట్టిన సినారె 1962లో ‘గులేబకావళి కథ’ పాటలతో సినిమాలోకి వెళ్ళారు. ఆ పాటల భాష అందమైన భాష, అయితే ఊరి భాష కాదు. 1980లో విడుదలైన ‘మా భూమి’ ఒక మినహాయింపు. ఆ తరువాత తెలంగాణ మాటకు తెర మీద స్థిరంగా దొరికిన కొలువు ప్రతినాయకునిదీ, హాస్యగానిదీ. కృష్ణా జిల్లా కంకిపాడుకు చెందిన కోట శ్రీనివాసరావు ‘ప్రతిఘటన’లో కాశయ్య పాత్రకు ఈ మాటను ఎంత గొప్పగా పలికారో చూసినవారెవరూ మరువరు. కాని ఆ గొప్పతనం వల్లనే, ఈ మాట పలికేవాడు ఒక దుష్టుడో ఒక మొరటువాడో అయి ఉండాలనే ముద్ర మరింత గట్టిపడింది. 2012లో మొదలైన వీ6 ఛానల్ ‘తీన్మార్’ వార్తలతో ఈ మాటను వార్త చెప్పే గద్దె మీద కూర్చోబెట్టింది. 2017లో ‘ఫిదా’ భానుమతి దాన్ని నాయిక నోట పెట్టింది. అప్పటికీ అది ప్రేమకు, పరిహాసానికి తగిన మాటగానే ఒప్పుదల పొందింది తప్ప దుఃఖానికి తగిన మాటగా కాదు.

‘బలగం’ ఆ చివరి గడప దాటిన చిత్రం. కథ చెప్పుకుంటే చాలా చిన్నది. ఊరంతా తిరిగి అందరినీ పలకరించే కొమురయ్య అనే ముసలాయన చనిపోతాడు. మనవడు సాయిలు అప్పుల్లో ఉన్నాడు. తన పెళ్ళి మాట తేలే సమయానికి తాత పోయెనే అన్నది అతని బాధ. ఎప్పుడో జరిగిన విందులో నల్లి బొక్క కోసం వచ్చిన మాట పట్టింపు వల్ల కొమురయ్య అల్లుడు నారాయణ ఆ ఇంటి గడప తొక్కడం మానేసి ఏండ్లయింది. బావమరుదులు, అన్నదమ్ములు, ఆడబిడ్డ ఒకే వాకిట్లో ఉండీ ఎడమొహం పెడమొహంగా ఉంటారు. మూడవ నాడు పెట్టిన ముద్దను పిట్ట ముట్టదు. ఐదవ నాడూ ముట్టదు. పదకొండవ నాడు ఏమవుతుందన్నదే కథ.

పిట్టకు పెట్టుడు మా వైపు ఎంత గంభీరమైన సంగతో బయటివారికి చెప్పడం కష్టం. వాకిట్లో విస్తరి పరచి, పోయినవారికి ఇష్టమైనవన్నీ వడ్డించి, దూరంగా నిలబడి ఆకాశం వైపు చూస్తారు. కాకి రాకపోతే ఎవరి మీద అలిగిపోయాడో అన్న గుసగుస మొదలవుతుంది. అప్పటిదాకా ఎవరూ పైకి అనని మాటలు ఆ ఎదురుచూపులో బయటపడతాయి. ‘నేను చూసుకుంట, నువ్వు పో’ అని పోయినవారితో నేరుగా మాట్లాడతారు. శాస్త్రం సంగతి ఎలా ఉన్నా, ఇది ఒక బహిరంగ విచారణ: ముద్దాయిలు బ్రతికున్నవారు, తీర్పరి కాకి. ఈ ఒక్క ఆచారంలో నాటకం మొత్తం ఉన్నదని కనిపెట్టడం వేణు ప్రతిభ.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది మరొకటి. ఈ చిత్రంలో చావు ఇంట నవ్వు పుడుతుంది. శవం వాకిట్లో ఉండగా సాయిలు తన పెళ్ళి గురించి లోలోపల లెక్కలు వేసుకోవడం, పరామర్శకు వచ్చినవారి శోకాలలోని హెచ్చుతగ్గులు, వంటల దగ్గర పేచీలు, ఇవన్నీ బుల్లితెర స్కిట్టులో చూసిన సరుకే. ఆ భార్యాభర్తల తగవు, ఆ అత్తవారింటి పట్టింపు, ఆ ఎదురు మాటల వేగం అన్నీ అక్కడివే. వేణు వాటిని పారేయలేదు. తీసుకెళ్ళి ఒక శవం పక్కన పెట్టారు. అక్కడ నవ్వు దానంతట అదే దారి మళ్ళింది. అందుకే ‘జబర్దస్త్‌లో నవ్వించినవాడు ఇంత ఏడిపించాడా’ అని పలువురు ఆశ్చర్యపడినప్పుడు నాకు ఆ ఆశ్చర్యం సరైనదనిపించలేదు. ఏడిపించినది ఆ నవ్వించినవాడే, ఆ పనిముట్లతోనే.

తనకు తాను ఇచ్చుకున్న పాత్ర చూడండి: దర్జీ నర్సి. కథకు అంచున నిలబడే మనిషి. దర్శకత్వం చేతికి రాగానే నాయక వేషం కట్టే హాస్యనటులను చూశాము గనుక ఇది చెప్పుకోదగినది. అసలు ఈ చిత్రంలో నాయకుడంటూ ఎవరూ లేరు. ప్రియదర్శి ఉన్నా, కథ ఐలయ్యది, మొగిలిది, నారాయణది, లక్ష్మిది కూడాను. సుధాకర్ రెడ్డి, మురళీధర్ గౌడ్, రూపాలక్ష్మి, జయరామ్, మైమ్ మధు, వరంగల్ నాటకరంగం నుంచి వచ్చిన జి.వి. బాబు (2025 మేలో ఆయన కన్నుమూశారు), వీరిలో చాలామంది ముఖాలు సామాన్య ప్రేక్షకునికి అప్పటికి పెద్దగా తెలియవు. ఏళ్ళ తరబడి తెర అంచున నిలబడినవాడికి అంచున ఉన్నవాళ్ళ విలువ తెలుస్తుంది. అయితే సాయిలు, సంధ్యల ప్రేమ ముడి నాకు పలుచగా తోచింది. అది లేకున్నా కథకు లోటు వచ్చేది కాదు. లక్ష్మి పాత్రకు ఉన్నంత బలం సంధ్యకు ఉండి ఉంటే బాగుండేది.

పదకొండవ నాటి ఘట్టంలో వచ్చే జంగాల పాట గురించి చెప్పకపోతే ఈ టపా సగమే. మా వైపు బుడగ జంగాలు ఇంటికి వచ్చి పోయినవారి మీద కథ కట్టి పాడతారు. పోయిన మనిషి గొంతు తాము తెచ్చుకుని కొడుకులను, కోడళ్ళను, బిడ్డలను పేరు పేరునా పలకరిస్తారు. విన్న ఇంటివారు విరిగి ఏడుస్తారు. ఈ కళను అనుకరించే నటులను పెట్టక, వేణు వరంగల్ జిల్లా దుగ్గొండి ప్రాంతపు పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులనే తెచ్చి పాడించారు. (పద్మశ్రీ అందుకున్న కిన్నెర మొగులయ్య వేరు, ఈయన వేరు. పత్రికలలో ఈ పొరపాటు పలుమార్లు చూశాను.) మూత్రపిండాల వ్యాధితో మొగిలయ్య 2024 డిసెంబర్ 19న కన్నుమూశారు. జీవితమంతా ఇతరుల చావుల దగ్గర పాడిన మనిషిని లోకం గుర్తించడానికి ఒక సినిమా చావు కావలసి వచ్చింది.

ఆ వేసవిలో పల్లెల్లో జరిగినది తెలుగు సినిమా చరిత్రలో అరుదు. పంచాయతీ కార్యాలయాల ముందు, బడి ఆవరణల్లో తెర కట్టి ఊరు ఊరంతా కూర్చుని చూశారు. అనుమతి లేని ప్రదర్శనలపై నిర్మాణ సంస్థ ఫిర్యాదు చేసే దాకా కూడా వెళ్ళింది వ్యవహారం. సినిమా చూసి, ఏండ్లుగా మాటల్లేని అన్నదమ్ములు కలుసుకున్నారని పత్రికలు వ్రాశాయి. అలా కలిసిన వారు ఎన్నాళ్ళు కలిసి ఉన్నారో ఏ పత్రికా మళ్ళీ వెళ్ళి అడగలేదనుకోండి! ఒగ్గుకథకో యక్షగానానికో ఊరు కూడినట్లు ఒక సినిమాకు కూడడం ఈ తరం అంతకు మునుపు చూడలేదు. ఈ నేల అందుకు అలవాటు పడినదే. ఒగ్గుకథ చెప్పి పేరు పొందిన మిద్దె రాములుది కూడా ఆ హనుమాజీపేటే. ఆయన 2010లో మరణించారు. ఒక్కడే రాజు, ఒక్కడే రాణి, ఒక్కడే శోకించే తల్లి అయ్యే ఒగ్గు కళాకారుణ్ణి చూసిన కళ్ళకు, హాస్యం నుంచి ఏడుపులోకి క్షణంలో దాటడం వింత కాదు.

అన్నదమ్ముల ప్రసక్తి వచ్చింది గనుక ఒక పిట్టకథ. వేములవాడ చాళుక్యుల ఆస్థానకవి పంపని కీర్తిని ఈ ప్రాంతంలోనే కుర్క్యాల బొమ్మలగుట్ట మీద శాసనంగా చెక్కించినవాడు ఆయన తమ్ముడు జినవల్లభుడు. కన్నడ, సంస్కృతాలతో పాటు తెలుగు కంద పద్యాలున్న పదవ శతాబ్దపు శాసనమది. పద్య చరిత్ర కోసం దాన్ని పదే పదే ఉదహరిస్తాము గాని, ఒక తమ్ముడు అన్న గురించి రాతి మీద వ్రాయించిన మాట అనే సంగతి ఎందుకో మన పరిశోధనల్లో అడుగున పడిపోతుంది.

గౌరవాలు వచ్చాయి. ఫిల్మ్‌ఫేర్ వారు 2023కు తెలుగులో ఉత్తమ చిత్రంగా ‘బలగం’ను, ఉత్తమ దర్శకునిగా వేణును ఎంచారు. తెలంగాణ ప్రభుత్వం 2025లో ప్రకటించిన గద్దర్ పురస్కారాలలో 2023 ఉత్తమ చిత్రం ఇదే. అదే సంవత్సరం ఆగస్టులో ప్రకటించిన జాతీయ పురస్కారాలలో ‘ఊరు పల్లెటూరు’ పాటకు కాసర్ల శ్యామ్ ఉత్తమ గీత రచయిత అయ్యారు. పల్లె పలుకుబళ్ళతో అల్లిన పాటకు ఢిల్లీ గౌరవం దక్కిందని ఆనందించాను.

‘బలగం’ తరువాత వేణు ప్రకటించిన చిత్రం పేరు ‘ఎల్లమ్మ’. రేణుకా ఎల్లమ్మ కథ ఒగ్గు వారి ముఖ్యమైన కథలలో ఒకటి. ఆ దేవత పేరు వినని పల్లె ఈ జిల్లాలో లేదు. పేరు పెట్టుకున్నంత మాత్రాన కథ అదే అయి ఉండాలని లేదు. అయినా ఆ పేరు విన్న నాటి నుంచి వేణు పాత స్కిట్టులను వరుసగా మళ్ళీ చూస్తున్నాను. ఇప్పుడు చూస్తున్నది ఆయనను కాదు, ఆయన పక్కన నిలబడి ఒక్క మాట చెప్పి తప్పుకునేవాళ్ళను.