జాంగో రైన్‌హార్ట్ గిటారు

జాజ్ సంగీతము అమెరికాలోని నల్లజాతి ప్రజల నడుమ పుట్టినది. ఆ మేళములలో బాకాలు, క్లారినెట్టు, పియానో ముందు నడచుచుండగా, గిటారు వెనుక వరుసలో నుండి లయను నిలుపుచుండెడిది. దానిని ముందువరుసకు తెచ్చిన ప్రముఖులలో ఒకడు ఐరోపావాడు, జాంగో రైన్‌హార్ట్. అతడు 1910వ సంవత్సరము జనవరి 23వ తేదీన బెల్జియములోని లిబెర్షీ గ్రామమున, దేశసంచారులైన రోమా కుటుంబమున జన్మించెను. రోమాల భాష ఉత్తర భారత భాషలకు చుట్టమని భాషాశాస్త్రజ్ఞులు నిర్ధారించియున్నారు. నీటిని వారు నేటికిని 'పాని' యనియే అందురు.

జాంగో పారిస్ నగర శివారులలో, ఇంటిబండ్ల నడుమ పెరిగెను. స్వరలిపి నెరుగడు. విని నేర్చిన విద్యతోనే బాల్యము వీడకముందే నృత్యశాలలలో బాంజో వాయించి ధనమార్జించెను. 1928లో, అతని పదునెనిమిదవ యేట, ఒక రాత్రి అతని బండికి నిప్పంటుకొనెను. భార్య అమ్మకమునకై చేసియుంచిన సెల్యులాయిడు పూవులు క్షణములో భగ్గుమనెను. ప్రాణము దక్కినది గాని, ఎడమచేతి ఉంగరపు వ్రేలును చిటికెనవ్రేలును ముడుచుకొనిపోయి దాదాపు నిరుపయోగములయ్యెను.

గిటారు వాదకులు తీగలను నొక్కుటకు ఎడమచేతి నాలుగు వ్రేళ్లను వాడుదురు. జాంగో మంచము పట్టియున్న నెలలలో, మిగిలిన రెండు వ్రేళ్లతోనే స్వరముల నందుకొనుట అభ్యసించెను. మన వైణికులు సైతము చూపుడువ్రేలు, నడిమివ్రేళ్లతో మెట్లవెంట సాగుదురు గదా! అట్లే అతడును గిటారు మెడ పొడవునా వ్రేళ్లను పరుగెత్తించెను. వంగిన వ్రేళ్లను స్వరసముదాయములు పలికించునపుడు మాత్రము తోడు తెచ్చుకొనెడివాడు.

1934లో అతడు ఫిడేలు విద్వాంసుడు స్తెఫాన్ గ్రాపెల్లితో కలసి, పారిస్‌లోని హాట్ క్లబ్ పేర ఐదుగురి మేళమును నడుపనారంభించెను. మూడు గిటార్లు, ఒక ఫిడేలు, ఒక డబుల్ బేస్: అన్నియును తంత్రీవాద్యములే. డ్రమ్ములు లేవు, బాకాలు లేవు. జాంగో తమ్ముడు జోసెఫ్, రోజే షాపూ అనువారు గిటార్లతోనే తాళపు దెబ్బల నిచ్చుచుండగా, ఆ లయపై జాంగో గిటారు, గ్రాపెల్లి ఫిడేలు ఒకదాని కొకటి బదులు పలుకుచుండెను. అమెరికా సంగీతమును అనుకరించుటతో ఆగక, ఐరోపా దానికి తనదైన కంఠము నిచ్చినది ఇక్కడనే.

1939లో యుద్ధము మొదలగునప్పటికి మేళము లండనులో నుండెను. గ్రాపెల్లి అక్కడనే నిలువగా జాంగో పారిస్‌కు మరలెను. ఫిడేలు స్థానమున క్లారినెట్టును, దానికి తోడు డ్రమ్ములను చేర్చుకొని, 1940లో 'మేఘములు' అను అర్థముగల 'న్యూయాజ్' అను తన కృతిని రికార్డు చేయించెను. ఆ యేండ్లలో నాజీలు అతని జాతివారిని లక్షలకొలదిగా సంహరించిరి. పారిస్‌లో మాత్రము జర్మను అధికారులలో కొందరు అతని సంగీతము వినవచ్చెడివారు. ఆ చప్పట్లు తన్ను కాపాడునను నమ్మకము అతనికి లేకుండెను. 1943లో స్విట్జర్లాండుకు తప్పించుకొనిపోవ యత్నించి, విఫలుడై తిరిగి వచ్చెను.

యుద్ధానంతరము, 1946లో, డ్యూక్ ఎలింగ్టన్ మేళముతో అమెరికాలో పర్యటించి న్యూయార్కులోని కార్నెగీ హాలున వాయించెను. 1951లో సెన్ నదీతీరమున సామ్వా గ్రామమున స్థిరపడెను. 1953 మే 16వ తేదీన, మెదడులో రక్తస్రావము వలన, నలుబది మూడవ యేట మరణించెను.

ఆ నిప్పే అతనిని కళాకారుని చేసినదని కొందరందురు. అది న్యాయము గాదు. అతడు అంతకుముందే విద్వాంసుడు. నిప్పు రెండు వ్రేళ్లను హరించినది. మిగిలిన రెంటితో గిటారుకు నాయకత్వమును సంపాదించి పెట్టినది అతని సాధన.