తిరుపతిలో గ్రంథాలయ శాస్త్రం: శిక్షణ నుంచి పరిశోధన దాకా

అప్పట్లో తిరుపతి కూడా భాగమైన చిత్తూరు జిల్లావారికి గ్రంథాలయ శాస్త్రం చాలాకాలం పొరుగూరి చదువు. 1911లో ఏర్పడిన ఈ జిల్లా 1953 దాకా మద్రాసు పాలన కిందే ఉంది. కాబట్టి చదువుకైనా కొలువుకైనా మద్రాసు దారే దగ్గర. అక్కడ 1929లో మద్రాసు గ్రంథాలయ సంఘం శిక్షణ తరగతులు మొదలుపెట్టింది. వాటికి ప్రాణం పోసినవాడు మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి ఎస్.ఆర్. రంగనాథన్. రెండేళ్లకే విశ్వవిద్యాలయం ఆ బాధ్యతను తన చేతుల్లోకి తీసుకుంది. 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరులో డిప్లొమా ప్రారంభించింది. ఉస్మానియా 1959లో ఈ శాఖను తెరిచింది.

వీటికంటే ముందే గ్రంథాలయోద్యమం తన సొంత బడి నడిపింది. 1914లో బెజవాడలో పుట్టిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1920లో గ్రంథాలయ సేవకులకు శిక్షణ తరగతి పెట్టింది. అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు వంటి ఉద్యమ నాయకులు కోరుకున్నది పల్లె పఠనాలయం నడపగల కార్యకర్తను. పుస్తకాన్ని రిజిస్టరులో ఎక్కించడం, వర్గ సంఖ్య వేయడం, కార్డు రాయడం, పాఠకుడికి అందించడం వస్తే చాలు. పరిశోధన అన్న ఊసు ఆ శిక్షణలో లేదు, ఉండవలసిన అవసరమూ అప్పటికి లేదు.

విచిత్రమేమిటంటే, పరిశోధనకు కావలసిన సరుకు మాత్రం తిరుమల తిరుపతుల్లో ముందునుంచే పుష్కలంగా ఉంది. తాళ్లపాక కవుల సంకీర్తనలను చెక్కిన రెండు వేలకు పైగా రాగిరేకులు తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో శతాబ్దాల పాటు భద్రంగా ఉన్నాయి. వాటిని గ్రంథాలయమని ఎవరూ అనకపోయినా భద్రపరచడం, వరుస పెట్టడం, వెతికి తీయడం అనే మూడు పనులూ అక్కడ ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, తరువాత వేటూరి ప్రభాకరశాస్త్రి ఆ రేకుల మీద పనిచేశారు. 1939లో దేవస్థానం శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థను నెలకొల్పింది. తాళపత్రాల సేకరణ, సూచీలు, పరిష్కరణలు దాని ముఖ్యమైన పని. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1956లో ఈ సంస్థ, దాని తాళపత్రాలు విశ్వవిద్యాలయానికి వచ్చి చేరాయి. గ్రంథాలయ శాస్త్ర శాఖ మాత్రం 1970ల్లో గాని రాలేదు. తాళపత్రాలు ముందు వచ్చాయి, వాటిని చూసుకునే శాస్త్రం వెనక వచ్చింది.

ఈ ఆలస్యం తిరుపతిది మాత్రమే కాదు. అమెరికాలో చికాగో విశ్వవిద్యాలయం 1920ల చివరలోనే ఈ విషయంలో డాక్టరేటుకు తలుపులు తెరిచింది. మన దేశంలో తొలి పిహెచ్.డి 1957లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో రంగనాథన్ మార్గదర్శకత్వంలో డి.బి. కృష్ణారావుకు దక్కింది. ఆయన విషయం వ్యవసాయ శాస్త్ర వర్గీకరణ. రెండో పట్టా కోసం దేశం ఇరవై ఏళ్లు ఎదురుచూసింది. కోర్సులు ఎలా ఉండాలో చెబుతూ రంగనాథన్ కమిటీ 1965లో విశ్వవిద్యాలయ నిధుల సంఘానికి (యూజీసీ) నివేదిక ఇచ్చింది. ముందు ఏడాది బ్యాచిలర్ డిగ్రీ, ఆపై ఏడాది మాస్టర్స్ అన్న మెట్లు అలా స్థిరపడ్డాయి. తరువాత అనేకచోట్ల రెండూ కలిసి రెండేళ్ల కోర్సయ్యాయి.

పరిశోధన వైపు విద్యార్థిని నెట్టింది జిజ్ఞాస కంటే ఎక్కువగా ఉద్యోగ నిబంధనలే అనడం తప్పు కాదు. 1986 వేతన సవరణతో విశ్వవిద్యాలయ, కళాశాల గ్రంథాలయాధికారుల స్కేళ్లు అధ్యాపకుల స్కేళ్ల సరసన నిలిచాయి. దాంతోపాటు అధ్యాపకుల అర్హతలూ వచ్చాయి. మాస్టర్స్‌లో 55 శాతం మార్కులు, నెట్ లేదా స్లెట్ అర్హత పరీక్షలో ఉత్తీర్ణత. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి పదవికి పిహెచ్.డితో పాటు పదేళ్ల అనుభవం కావాలి. అందువల్ల రీసెర్చ్ స్కాలర్లలో ఎప్పుడూ కొంతమంది అప్పటికే ఏదో కాలేజీలో కొలువు చేస్తున్నవాళ్లు. వాళ్లు పగలు కౌంటరు చూసుకుని రాత్రి సిద్ధాంత గ్రంథం రాసుకునేవాళ్లు. ఎంచుకునే విషయాల మీదా దీని ముద్ర పడింది. ఏ కాలేజీలో పాఠకులు ఏమి వాడుతున్నారు, ఏ పత్రికలో ఎవరి వ్యాసాలకు ఎన్ని ఉటంకింపులు వచ్చాయి అన్నవి చేతికందే విషయాలు. ప్రశ్నావళి పంచి, శాతాలు లెక్కగట్టి, అధ్యాయాలుగా కట్టే పద్ధతి అలా ఆచారమైపోయింది.

2009 నుంచి పిహెచ్.డి నియమాలు బిగిశాయి. ఆ ఏడాది యూజీసీ ప్రవేశ పరీక్షను, కోర్సు వర్కును తప్పనిసరి చేసి, సిద్ధాంత గ్రంథం ఎలక్ట్రానిక్ ప్రతిని ఇవ్వాలంది. 2016లో కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లన్న గడువు వచ్చింది. సమర్పణకు ముందు ఒక పత్రం ప్రచురించి, రెండు సదస్సుల్లో సమర్పించాలన్నారు. ఈ షరతు నీడలో డబ్బులు తీసుకుని ఏదైనా అచ్చేసే పత్రికలు పుట్టగొడుగుల్లా మొలిచాయి. 2022 నవంబరు నిబంధనలు ఆ బలవంతపు ప్రచురణను, ఎం.ఫిల్‌ను ఎత్తివేశాయి. కోర్సు వర్కు కనీసం 12 క్రెడిట్లు, అందులో పరిశోధన నైతికత ఉండాలి. ప్రొఫెసర్ ఎనిమిది మందికి, అసోసియేట్ ఆరుగురికి, అసిస్టెంట్ నలుగురికి మించి గైడ్‌గా ఉండకూడదు. ఉద్యోగులకు పార్ట్‌టైమ్ అవకాశం ఉంది, యాజమాన్యం అనుమతి పత్రం తేవాలి. స్త్రీలకు అదనంగా రెండేళ్లు, 240 రోజుల ప్రసూతి సెలవు దక్కాయి. రాష్ట్ర స్థాయి ప్రవేశ పరీక్ష ఏపీఆర్‌సెట్‌తో పాటు 2024 నుంచి నెట్ మార్కులూ ప్రవేశానికి ఆధారమయ్యాయి.

ఈ నిబంధనల వల్ల గ్రంథాలయానికి ఒక కొత్త హోదా వచ్చింది. ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే శోధగంగ అనే డిజిటల్ భాండాగారానికి సిద్ధాంత గ్రంథాలను ఎక్కించే పని చాలా విశ్వవిద్యాలయాల్లో గ్రంథాలయానిదే. 2018 గ్రంథచౌర్య నిబంధనల ప్రకారం పోలిక పది శాతం దాటితే పరిశోధకుడు చిక్కులో పడతాడు. నలభై దాకా ఉంటే సవరించి ఆరు నెలల్లోపు మళ్లీ ఇవ్వాలి. అరవై దాకా ఉంటే ఏడాది నిషేధం, అరవై మించితే రిజిస్ట్రేషన్ రద్దు. వరుసగా పద్నాలుగు మాటల దాకా సాధారణ పదబంధాలను లెక్కలోకి తీసుకోరు. 2019లో శోధశుద్ధి పథకం ఈ తనిఖీకి సాఫ్ట్‌వేర్ సమకూర్చింది. ఒకప్పుడు పరిశోధనే లేని శాఖవాళ్లు ఇప్పుడు భౌతిక శాస్త్రం నుంచి తెలుగు దాకా అందరి పరిశోధనకూ గుమ్మం దగ్గర కాపలా.

2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయింది. 2015లో తిరుపతికి వచ్చిన ఐఐటీ, ఐసర్‌ల గ్రంథాలయాలు గ్రంథాలయ శాస్త్ర విద్యార్థులకు కొత్త కార్యక్షేత్రాలు. అయితే గడువులు, క్రెడిట్లు, శాతాలు సిద్ధాంత గ్రంథానికి కొలతలు ఇవ్వగలవు గాని విషయాన్ని ఇవ్వలేవు. ప్రాచ్య పరిశోధన సంస్థ తాళపత్రాల సూచీకరణ చరిత్ర, జిల్లా గ్రంథాలయ సంస్థ శాఖల పుట్టుపూర్వోత్తరాలు, మద్రాసు కాలపు పల్లె పఠనాలయాల కథ ఇక్కడి పరిశోధకుడికి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్నాయి. మరో ప్రశ్నావళి పంచే ముందు గైడ్‌లు ఈ విషయాల వైపు ఒక్కరినైనా పంపడం మంచిది.