బుడ్డి మీద గీత

ఆసుపత్రికి పోయే పొద్దు మా జేజి సంచిలో మొదట పడేది ఖాళీ సీసా. దాన్ని ముందురోజే బూడిదతో తోమి, రెండు నీళ్ళు పోసి కడిగి, అరుగు మీద బోర్లించేది. సీసా లేకుండా పోతే మందు లేకుండా తిరిగి రావాల్సిందే. కాంపౌండరు అందులో మందునీళ్ళు పోసి, సన్నటి కాగితం ముక్కను కత్తెరతో అంచుల్లో గాట్లు పెట్టి, గంజి పూసి సీసాకు అంటించేవాడు. గాటుకూ గాటుకూ మధ్య ఉన్నది ఒక పూట మందు. చదువు రాని జేజికి ఆ కాగితం చాలు. బొటనవేలి గోరు గాటు మీద ఆనించి, దీపం వెలుగుకు ఎత్తి పట్టుకుని ఒంచేది.

నీళ్ళమందుకు పుట్టుకతోనే రెండు జబ్బులున్నాయి. ఒకటి, నిలవ ఉండదు. రెండోది, కొలత నిలవదు. మాత్ర ఎక్కడైనా మాత్రే. నీళ్ళమందు మాత్రం పోసే చేతిని బట్టి మారుతుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతంలో వందేళ్ళ పైచిలుకు మందుబుడ్డి కథంతా ఈ రెండు జబ్బులకు చేసిన వైద్యమే. ఆ వైద్యం ఒక్కోసారి జబ్బుకంటే చేటయింది.

సీసాలు రాకముందు కొలత ఉగ్గుగిన్నెది. ముక్కున్న ఆ చిన్న గిన్నెలో పట్టేదే బిడ్డకు పూట మందు. వసకొమ్మును సానరాయి మీద ఎన్ని చుట్లు అరగదీయాలో ఇంట్లో ముసలమ్మకే తెలుసు. ఒక చుట్టు ఎక్కువైతే బిడ్డ వాంతి చేసుకుంటుంది. వస పోస్తే మాటలు బాగా వస్తాయని నమ్మకం, వాగుడుకాయను వసపిట్ట అనడం అందుకే. ఇక్కడ నిలవ సమస్య లేదు, అప్పటికప్పుడు అరగదీసి అప్పుడే పోసేదాన్ని చెడిపోనిచ్చేదెవరు? శొంఠి కషాయం, వాము నీళ్ళు కూడా అంతే. పొద్దున కాచింది మరుసటి పొద్దుకు పులుస్తుంది.

ఆ పులవడాన్నే పనికి పెట్టుకున్నది ఆయుర్వేదం. కషాయంలో బెల్లమో తేనో కలిపి, ధాతకీ పుష్పాలు వేసి, కుండ మూతికి మట్టి మెత్తి కొన్ని వారాలు వదిలేస్తే లోపల సారా దానంతటదే పుడుతుంది. ఆ సారాయే మందును కాపాడుతుంది. కాచిన కషాయంతో చేస్తే అరిష్టం, కాచకుండా చేస్తే ఆసవం. దశమూలారిష్టం సీసా ఏళ్ళ తరబడి చెడదు. అయితే మందును కాపాడే సారా తాగేవాణ్ణి కూడా పిలుస్తుంది, ఆ సంగతి తర్వాత.

లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళు 1822లోనే కడపకు వచ్చారు. జమ్మలమడుగులో వాళ్ళ వైద్యం నిలదొక్కుకున్నది మాత్రం ఆ శతాబ్దం చివర్లో, డాక్టర్ టి.వి. కాంప్‌బెల్ వచ్చాక. ఊరివాళ్ళకు ఇప్పటికీ అది కాంప్‌బెల్ ఆసుపత్రే. అలాంటి ఆసుపత్రులతోనే మన ఊళ్ళకు మిక్చర్ల కాలం వచ్చింది. గది వెనక పెద్ద పెద్ద జాడీల్లో జ్వరం మిక్చరు, దగ్గు మిక్చరు, అజీర్తికి కార్మినేటివ్ మిక్చరు సిద్ధంగా ఉండేవి. కార్మినేటివ్ అంటే వంటసోడా, అల్లం టింక్చరు, ఏలకుల టింక్చరు. దాని ఎర్ర రంగు ఏలకులది కాదు, జెముడు మీద బతికే కోచినీల్ పురుగులను ఎండబెట్టి తీసిన రంగు. కంద, ఉల్లి తినని ఇళ్ళవాళ్ళు కూడా ఆ ఎర్రమందును కళ్ళకద్దుకుని తాగారని తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. చెడిపోకుండా క్లోరోఫాం నీళ్ళు పోసేవారు. కొంచెం తీపి, కొంచెం మంట. ఆ మంటే మందుకు బలమని జనం నమ్మకం. మంట లేని మందు ఇస్తే "నీళ్ళు పోసినాడు" అనేవాళ్ళు.

కొన్ని మిక్చర్లలో మందు కరగదు, అడుక్కు దిగుతుంది. అందుకే సీసా మీద "కదిలించి వాడవలెను" అని చీటీ. కదిలించకుండా తాగితే మొదటి పూటలు ఉత్త నీళ్ళు, చివరి పూటకు వారం మందంతా ఒక్కసారి. కాంపౌండరు గాట్లు ఎంత సరిగ్గా పెట్టినా ఈ తప్పును ఆపలేవు.

ఇంకోపక్క మద్రాసు నుంచి అచ్చుచీటీల సీసాలు రైలెక్కి వచ్చేవి. కె.ఎన్. కేసరి తన కేసరి కుటీరంలో చేసిన 'లోధ్ర' ఆడవాళ్ళ మందుగా తెలుగు పత్రికల ప్రకటనల్లో వెలిగింది. 1851లో ఇంగ్లండులోని నాటింగ్‌హాంలో విలియం ఉడ్వర్డ్ చేసిన గ్రైప్ వాటర్ మన ఉగ్గుగిన్నెలోకే నేరుగా దిగింది. సోపు జాతి డిల్ గింజల నూనె, సోడా, చక్కెర. పాతకాలపు సీసాల్లో కాసింత సారా కూడా. ఏడ్చే బిడ్డ ఎందుకు నిద్రపోయేదో ఇప్పుడు అర్థమవుతుంది.

సారా సంగతి ఇక్కడికి వచ్చింది. రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాతో మద్యనిషేధం మొదలుపెట్టి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు తెచ్చింది. కల్లంగడి మూతపడితే మందులంగడి కళకళలాడుతుంది, నిషేధం పెట్టిన ఏ సీమలోనైనా ఇదే కథ. జింజర్ టింక్చరు, అరిష్టం సీసా కడుపునొప్పి లేనివాడికీ కావలసి వస్తాయి. 1955లో సారా కలిసిన మందులకు విడిగా ఎక్సైజు చట్టం వచ్చింది. ఆయుర్వేదం సీసాల సైజులకూ నిబంధనల్లో కత్తెర పడింది. మృతసంజీవని సుర 30 మిల్లీలీటర్ల బుడ్డికి మించి అమ్మకూడదు. మందు ఎంత తాగాలో వైద్యుడు చెప్పడం మామూలే. బుడ్డి ఎంత ఉండాలో సర్కారు చెప్పింది, తాగేవాడు కూలబడకుండా.

విచిత్రం చూడండి. సారా చేటని కడపలో నిషేధం పెట్టిన ఆ రోజుల్లోనే అమెరికాలో సారా లేని మందు వందమందికి పైగా జనాన్ని చంపింది. 1937లో సల్ఫానిలమైడ్‌ను కరిగించడానికి టెనెస్సీలోని ఒక కంపెనీ డైఇథిలీన్ గ్లైకాల్ వాడింది. రాస్ప్‌బెర్రీ వాసన, తియ్యటి రుచి, మూత్రపిండాలకు విషం. అక్కడి చట్టంలో మందు పరీక్షించే నియమమే లేదు. ఆ మందును ఎలిక్సిర్ అన్న పేరుతో అమ్మారు. ఎలిక్సిర్ అంటే సారా ఉండాలి, ఇందులో లేదు గనక పేరు తప్పు అన్న సాకుతో సరుకు వెనక్కి లాగారు. మరుసటేడు కొత్త చట్టం తెచ్చారు. మన దేశంలో ఔషధ చట్టం 1940లో వచ్చింది.

చట్టాలొచ్చినా ఆ గ్లైకాల్ పోలేదు. 1970ల మొదట్లో మద్రాసులో పిల్లలు, 1986లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో 14 మంది, 1998లో ఢిల్లీ, గుర్‌గావ్ ప్రాంతంలో 33 మంది పిల్లలు దానికి బలయ్యారు. 2022లో గాంబియాలో 70 మంది దాకా. కారణం ప్రతిసారీ దాదాపు ఒకటే. పారాసెటమాల్ లాంటివి నీళ్ళలో సులువుగా కరగవు, వాటికి ప్రొపిలీన్ గ్లైకాలో గ్లిజరినో కావాలి. వాటిని పోలి ఉండి చవగ్గా దొరికే పరిశ్రమల సరుకు డైఇథిలీన్ గ్లైకాల్. డబ్బా తెరిచి పరీక్షించకుండా పోస్తే అయిపోయింది. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో 20 మందికి పైగా పసివాళ్ళను మింగిన దగ్గుమందు కాంచీపురం జిల్లాలో తయారైంది. తమిళనాడు ప్రయోగశాల అందులో 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ కనిపెట్టింది. ఉండదగ్గది 0.1 శాతం.

మిక్చరు సీసా మన ఊళ్ళలో మాయమైంది ఈ మధ్యకాలంలోనే.  1970ల నుంచే కంపెనీ సిరప్పులు ఊరూరా పరుచుకుంటూ వచ్చాయి. చిక్కటి చక్కెర పాకమే మందును కాపాడుతుంది. మూడొంతుల్లో రెండొంతులు చక్కెర ఉంటే క్రిములు బతకలేవు, బెల్లంపాకానికి బూజు పట్టనట్టే. గోధుమరంగు సీసా వెలుతురును ఆపుతుంది. తిప్పగానే టిక్కుమని తెగే మూత, ఎవరూ ముందు తెరవలేదని సాక్ష్యం. నిలవ ఉండని యాంటీబయాటిక్కులను పొడిగా నింపి పంపుతారు. కాచి చల్లార్చిన నీళ్ళు గీత దాకా పోసి, ఊపి, మళ్ళీ గీత దాకా పోయాలి. తర్వాత చాలావాటికి ఆయుష్షు వారమే. మిగిలింది కదా అని నాలుగు నెలల తర్వాత తమ్ముడికి పోసే ఇళ్ళు నాకు తెలుసు.

కాంపౌండరు పోయాక కొలత మళ్ళీ ఇంటికే వచ్చింది, కానీ ముసలమ్మ గోరు లేకుండా. చెంచా అంటే 5 మిల్లీలీటర్లు అని లెక్క. మన వంటింటి చెంచాల్లో ఏ రెండూ ఒకటి కావు. 2023లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ జలుబుకు వాడే క్లోర్‌ఫెనిరమైన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన సిరప్పులు 4 ఏళ్ళలోపు పిల్లలకు వద్దని చీటీ మీద అచ్చేయమంది. ఛింద్వాడా తర్వాత, రెండేళ్ళలోపు బిడ్డలకు దగ్గుమందే రాయొద్దని కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పింది. అదే 2025 అక్టోబరులో, హైదరాబాదు పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి చేసిన పోరు ఫలించి, విరేచనాలప్పుడు పట్టే ఉప్పు-చక్కెర నీళ్ళమందు పేరైన ఓఆర్ఎస్ అన్న మాట చక్కెర పానీయాల డబ్బాల మీద వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఆదేశమిచ్చింది. అసలు ఓఆర్ఎస్‌లో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములే.

మొన్న పులివెందులలో ఒక మందులంగడి ముందు నిలబడ్డాను. చంకలో బిడ్డతో ఒకామె వచ్చింది.

"అన్నా, జొరానికి మొన్న ఇచ్చిండే మందే ఇయ్యి."

"ఎంత బరువుంటాడు పిల్లోడు?"

"పది కిలోలు అన్నారు అంగన్‌వాడీలో."

అతను డాక్టరు చీటీ చూశాడు. 5 మిల్లీలీటర్లకు 250 మిల్లీగ్రాములుండే సీసా తీసి, దాని ప్లాస్టిక్ మూతను తిరగేసి, జేబులోని పెన్నుతో 3 దగ్గర నీలంగా గీత గీశాడు.

"ఈ గీత దాటొద్దు. ఆరు గంటలు గడిస్తేనే మళ్ళీ."

ఆమె మూత అందుకుని వేలితో ఆ గీతను తడిమింది. నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చింది.

"ఇంట్లో రబ్బరు తిత్తి ఉండే చిన్న బుడ్డి ఉందిన్నా, దాండ్లోనూ ఈ గీతేనా?"

"అయ్యో, అది చుక్కలమందుమ్మా! అది దీనికి రెండింతలు చిక్కన. దాండ్లో ఒకటిన్నరే" అంటూ అతను మళ్ళీ పెన్ను తీశాడు. గీయడానికి ఆ బుడ్డి అక్కడ లేదు.