గీత మారినా దారి మారని సత్తుపల్లి

ఖమ్మం నుంచి రాజమండ్రి బస్సెక్కితే కల్లూరు, పెనుబల్లి దాటాక వచ్చే పెద్ద ఊరు సత్తుపల్లి. అక్కడి నుంచి తూర్పు దారి అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం మీదుగా గోదావరి జిల్లాలకు పోతుంది. దక్షిణానికి దిగితే కాసేపట్లోనే ఆంధ్రప్రదేశ్. దమ్మపేట వైపు తిరిగితే కోయగూడేలు, టేకు, ఇప్ప, తునికి చెట్ల అడవి. మైదానం, మన్యం, కోస్తా మూడూ ఒకచోట చేరే ఊళ్ళు తెలుగునాట తక్కువ. సత్తుపల్లి కథంతా ఆ మూడింటి మధ్య నడిచిందే.

1948కి ముందు ఇది నిజాం రాజ్యపు అంచు. అవతల చింతలపూడి, తిరువూరు మద్రాసు ప్రెసిడెన్సీవి. మాట్లాడే భాష ఒకటే, చెల్లే డబ్బు వేరు: ఇటు హాలీ సిక్కా, అటు కల్దార్. పొలిమేర దాటే సరుకు మీద కరోడ్‌గిరి శాఖ సుంకం వసూలు చేసేది. రజాకార్ల ఆగడాలు ముదిరిన రోజుల్లో ఈ ప్రాంతపు కుటుంబాలు ఎన్నో కృష్ణా, పశ్చిమ గోదావరి ఊళ్ళకు తరలి తలదాచుకున్నాయి. నిజాం మీద పోరాడేవారికి సరిహద్దు శిబిరాలే ఆసరా అయ్యాయి.

1953 అక్టోబరు 1న వరంగల్ జిల్లా నుంచి విడిపోయి ఖమ్మం జిల్లా ఏర్పడింది. సరిగ్గా ఆ రోజే కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రమూ పుట్టింది. మూడేళ్ళకు, 1956 నవంబరు 1న, రెండు వైపులా ఒకే రాష్ట్రమయ్యాయి. 2014 జూన్ 2న పాత గీత మళ్ళీ రాష్ట్రాల సరిహద్దయింది. ఆ ఏడాదే పోలవరం ముంపు కారణంగా కుక్కునూరు, వేలేరుపాడు వంటి మండలాలు ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి. సత్తుపల్లి మాత్రం తెలంగాణ అంచున నిలిచింది.

గీత ఎన్నిసార్లు మారినా రాకపోకలు ఆగలేదు. కృష్ణా, గోదావరి జిల్లాల రైతులు ఇటు వచ్చి భూములు కొన్నారు, వియ్యాలందుకున్నారు. మామిడి, జీడిమామిడి, జామాయిల్ తోటలు పెరిగాయి. ఈ వలసకు ఇంకో ముఖముంది. ఏజెన్సీలో గిరిజనుల భూములు చేతులు మారుతూ వచ్చాయి. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1963లో తెలంగాణ ఏజెన్సీకీ వర్తింపజేశారు. 1970లో వాటిని మరింత బిగించారు. జనం నోట అదే 'వన్ ఆఫ్ సెవెంటీ'. దమ్మపేట, అశ్వారావుపేట వైపు భూమి మాట వస్తే ఇప్పటికీ ముందుగా వినిపించేది ఆ చట్టం పేరే.

రాజకీయంగా ఈ ప్రాంతాన్ని రాష్ట్రమంతటికీ తెలిపిన వ్యక్తి జలగం వెంగళరావు. వేంసూరు నుంచి 1962, 1967, 1972లో గెలిచి, 1973 డిసెంబరులో ముఖ్యమంత్రి అయ్యారు. మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు 1975లో హైదరాబాద్‌లో జరిగింది ఆయన హయాంలోనే. 1978లో సత్తుపల్లి నియోజకవర్గం ఏర్పడితే ఇక్కడి నుంచీ గెలిచారు. సింగరేణి ఇక్కడ తవ్వుతున్న ఉపరితల గనికీ ఆయన పేరే పెట్టారు. ఊళ్ళో దాన్ని జేవీఆర్ ఓసీ అంటారు.

1871లో ఇల్లందు దగ్గర విలియం కింగ్ గుర్తించిన బొగ్గు పొరలు గోదావరి లోయ వెంట ఆగ్నేయంగా సాగి ఈ నేల కిందికీ వచ్చాయి. గని వచ్చాక ఊరి తీరే మారిపోయింది: ఉద్యోగాలు, అద్దె ఇళ్ళు, కొత్త దుకాణాలు. వాటితో పాటే దుమ్ము, పేలుళ్ళకు గోడలు బీటలు వారుతున్నాయన్న కాలనీల గోడు. ఏళ్ళ తరబడి లారీల మీద కొత్తగూడెం చేరిన బొగ్గు, 54 కిలోమీటర్ల భద్రాచలం రోడ్–సత్తుపల్లి రైలుమార్గం పూర్తయ్యాక వ్యాగన్లెక్కింది. ఆ మార్గాన్ని 2022 నవంబరు 12న రామగుండంలో ప్రధాని జాతికి అంకితం చేశారు.

ఇటీవలి దశాబ్దాల్లో చుట్టుపక్కల పొలాలను ఆయిల్‌పామ్ కమ్మేసింది. అశ్వారావుపేట, అప్పారావుపేటల్లో గెలలు ఆడించే ఫ్యాక్టరీలున్నాయి. నీటికి బేతుపల్లి పెద్దచెరువు, పెనుబల్లి వైపు లంకాసాగర్ పాత ఆధారాలు. గోదావరి నీళ్ళ కోసం సీతారామ ఎత్తిపోతల మీద ఆశ. ఖమ్మం అడవుల్లో పుట్టిన తమ్మిలేరు చింతలపూడి, ఏలూరు మీదుగా కొల్లేటికి చేరుతుంది. ఇక్కడి వాన అక్కడి సరస్సుకు నీరవుతుంది.

చూడాలనుకునేవారికి పెనుబల్లి మండలంలో అడవి నడుమ నీలాద్రి గుట్ట మీది శివాలయం ఉంది, శివరాత్రికి జనం పోటెత్తుతారు. వేంసూరు మండలం కందుకూరులో వేంకటేశ్వరస్వామి గుడి ఉంది. వానలు పడ్డాక బేతుపల్లి చెరువు కట్ట మీద నిలబడితే ఆ నీటి మీద ఎంత ఆయకట్టు ఆధారపడిందో కంటికే తెలుస్తుంది.

ఖమ్మం–దేవరపల్లి గ్రీన్‌ఫీల్డ్ రహదారితో ఈ ప్రాంతానికి కోస్తా ఇంకా దగ్గరవుతుంది. రైలు సంగతే మిగిలింది. బొగ్గు కోసం వేసిన పట్టాల మీద మనుషుల బళ్ళూ రోజూ నడవాలి. ఆ మార్గం కొవ్వూరు దాకా సాగాలి. ఇన్నాళ్ళూ నేలను, నిద్రను గనికి ఇచ్చిన ఊరు అడుగుతున్నది అంతే. అది న్యాయమైన కోరిక. రెండు రాష్ట్రాలూ కలిసి దాన్ని తీర్చాలి.